విమాన క్యాబిన్ సిబ్బంది వైద్యయోగ్యత: పరీక్ష ఎవరి ప్రయోజనం కోసం?

వ్యాససంగ్రహం

విమానంలో పనిచేసే క్యాబిన్ సిబ్బంది ఉద్యోగానికి శారీరకంగా సరిపోతారా లేదా అన్నది వైద్యుడు తేల్చే విషయంగా కనిపిస్తుంది. కాని ఆ నిర్ణయంలో ప్రయాణికుల భద్రత, ఉద్యోగి ఆరోగ్యం, యాజమాన్య ప్రయోజనం అనే మూడు వేర్వేరు అంశాలు కలగలిసి ఉంటాయి. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే సహా భారతీయ రైల్వేలు అనుసరించే వైద్యవర్గీకరణ ఈ మూడింటినీ విడదీసి చూస్తుంది. ఆ వర్గీకరణను కొలబద్దగా తీసుకొని, క్యాబిన్ సిబ్బందికి వర్తించే వైద్యప్రమాణాలను, వాటిపై వచ్చిన న్యాయస్థాన తీర్పులను, ఈ సందర్భంలో వాడుతున్న తెలుగు పదజాలాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వైద్యయోగ్యత, క్యాబిన్ సిబ్బంది, బేగంపేట, శరీర ద్రవ్యరాశి సూచిక, ప్రత్యామ్నాయ ఉద్యోగం, గగనసఖి.

1. ఉపోద్ఘాతం

సికింద్రాబాద్ పేరు చెప్పగానే రైలు గుర్తుకు వస్తుంది. 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు ప్రధాన కార్యాలయం ఇక్కడి రైల్ నిలయం. ఆ సంస్థ కేంద్ర ఆసుపత్రి లాలాగూడలో ఉంది. అయితే ఈ జంటనగరాల విమానయాన చరిత్ర కూడా సికింద్రాబాద్‌ను ఆనుకొని ఉన్న బేగంపేటలోనే మొదలయింది. నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగానే పనిచేసింది. 1953లో విమానయాన జాతీయీకరణ జరిగినప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైన ఎనిమిది సంస్థలలో అది ఒకటి. దేశంలో వాణిజ్య విమానం నడిపిన తొలి మహిళగా పేరొందిన ప్రేమ్ మాథుర్‌కు ఇతర సంస్థలు అవకాశం నిరాకరించిన కాలంలో ఉద్యోగం ఇచ్చింది ఈ దక్కన్ ఎయిర్‌వేసే. ఆ తరువాతి కాలంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన కేంద్ర శిక్షణ సంస్థను కూడా ఈ పరిసరాల్లోనే, ఫిరోజ్‌గూడలో నెలకొల్పింది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమయ్యేదాకా ప్రయాణికుల విమానాలన్నీ బేగంపేటలోనే దిగేవి.

ప్రస్తావవశాత్తు చెప్పవలసిన మరొక విషయం: మలేరియా పరాన్నజీవిని దోమ శరీరంలో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న గుర్తించిన భవనం కూడా ఈ పాత విమానాశ్రయం పక్కనే ఉంది. సైనికుల ఆరోగ్యాన్ని కాపాడడం కోసం సికింద్రాబాద్ దండు పోషించిన వైద్యవ్యవస్థ ఆ ఆవిష్కరణకు నేపథ్యం. ఉద్యోగి శరీరాన్ని ఉద్యోగం ఇచ్చినవారు పరీక్షించడం ఈ ఊరికి కొత్త విషయం కాదు.

2. రైల్వే చూపిన విభజన

రైల్వే ఉద్యోగార్థులకు ఏ-1, ఏ-2, ఏ-3, బీ-1, బీ-2, సీ-1, సీ-2 అనే వైద్యవర్గాలు సుపరిచితం. లోకో పైలట్‌కు ఏ-1, స్టేషన్ మాస్టరుకు ఏ-2, కార్యాలయ గుమస్తాకు సీ-2 వర్తిస్తాయి. ఉద్యోగార్థులు ఈ అక్షరాలను కఠినత్వానికి సంకేతాలుగా మాత్రమే చూస్తారు. కాని రైల్వే వైద్య నియమావళిలో వీటి వెనుక ఒక తర్కం ఉంది. ఏ వర్గపు దృష్టిపరీక్షలు ప్రజల భద్రత కోసం. బీ వర్గపు పరీక్షలు ఆ ఉద్యోగి, అతని తోటి పనివారి క్షేమం కోసం. సీ వర్గపు పరీక్షలు కేవలం పరిపాలన ప్రయోజనం కోసం.

ఈ విభజన చూడడానికి సాధారణంగా ఉన్నా దాని ఫలితం పెద్దది. ఒక పరీక్షలో ఉద్యోగి విఫలమైనప్పుడు ఎవరికి ఏ ప్రమాదం కలుగుతుందో అది ముందే చెబుతుంది. సిగ్నల్ రంగును గుర్తించలేని లోకో పైలట్ వల్ల రైలులోని వందలాది మందికి ప్రమాదం. అదే వ్యక్తి టికెట్ల లెక్కలు చూసే గదిలో కూర్చుంటే ఎవరికీ ప్రమాదం లేదు. కనుక ఏ-1లో విఫలమైన వ్యక్తి పనికిరానివాడు కాడు, ఆ ఒక్క పనికి సరిపడనివాడు మాత్రమే. రైల్వేలో వైద్యవర్గం తగ్గినవారికి మరొక పని చూపే పద్ధతి ఈ తర్కంనుండి సహజంగా వచ్చినదే.

క్యాబిన్ సిబ్బంది విషయంలో ఇటువంటి విభజన స్పష్టంగా లేదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఒకటో అనుబంధంలో పైలట్లకు, విమాన రాకపోకల నియంత్రణాధికారులకు వైద్యతరగతులు నిర్దేశించింది కాని క్యాబిన్ సిబ్బందికి నిర్దేశించలేదు. అందువల్ల ఒక్కొక్క దేశం ఒక్కొక్క దారి పట్టింది. అమెరికాలో క్యాబిన్ సిబ్బందికి ప్రభుత్వ వైద్యధ్రువపత్రం అవసరం లేదు. ఐరోపా నిబంధనల ప్రకారం గరిష్ఠంగా 60 నెలలకు ఒకసారి వైద్యపరీక్ష జరగాలి. భారతదేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ జారీచేసిన పౌర విమానయాన నిబంధనలు ఉద్యోగంలో చేరేముందు, ఆపైన నిర్ణీత వ్యవధుల్లో పరీక్షను తప్పనిసరి చేశాయి. ఒకే ఆకాశంలో ఒకే రకపు విమానంలో ఒకే పని చేసేవారికి ఇన్ని వేర్వేరు ప్రమాణాలు ఉన్నాయంటే, ఆ పరీక్ష ఉద్దేశం విషయంలో ఏకాభిప్రాయం లేదనే అర్థం.

3. గాలిలో శరీరం

మొదట నిర్వివాదమైన భాగాన్ని చూడాలి. విమానం 35,000 అడుగుల ఎత్తున ఎగురుతున్నా లోపలి గాలిపీడనం 8,000 అడుగుల ఎత్తుకు సమానమైన స్థాయికి తగ్గకుండా చూస్తారు. సముద్రమట్టంలో 760 మిల్లీమీటర్ల పాదరసమట్టంగా ఉండే పీడనం ఆ ఎత్తులో సుమారు 565కు పడిపోతుంది. బాయిల్ సూత్రం ప్రకారం పీడనం తగ్గినకొద్దీ వాయువు వ్యాకోచిస్తుంది. శరీరపు కుహరాల్లో చిక్కుకున్న గాలి సుమారు మూడోవంతు పెరుగుతుంది. మధ్యచెవిలో, ముఖపు ఎముకల గదుల్లో, పేగుల్లో ఉండే గాలికి ఇదే సూత్రం వర్తిస్తుంది. గొంతును మధ్యచెవితో కలిపే సన్నని నాళం తెరుచుకున్నంతకాలం ఇబ్బంది లేదు. జలుబు చేసి ఆ నాళం వాచినప్పుడు, విమానం దిగుతున్న సమయంలో కర్ణభేరి లోపలికి లాగబడి తీవ్రమైన నొప్పి, ఒక్కోసారి రక్తస్రావం, వినికిడి లోపం కలుగుతాయి. అందుకే క్యాబిన్ సిబ్బంది వైద్యపరీక్షలో చెవి, ముక్కు, గొంతు పరీక్షకు అంత ప్రాధాన్యం.

రెండవది ప్రాణవాయువు. 8,000 అడుగుల స్థాయిలో ఆరోగ్యవంతుని రక్తంలో ఆక్సిజన్ సంతృప్తత సుమారు 90 శాతం దాకా తగ్గవచ్చు. కూర్చున్న ప్రయాణికునికి అది తెలియకపోవచ్చు. బండి నెడుతూ, వంగుతూ, లేస్తూ గంటల తరబడి నిలబడి పనిచేసేవారికి తెలుస్తుంది. రక్తహీనత ఉంటే భారం మరింత ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ 15–49 ఏళ్ల స్త్రీలలో సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఈ ప్రాంతంనుండి ఈ ఉద్యోగానికి సిద్ధపడే యువతులు మొదట చూసుకోవలసినది తూకం యంత్రాన్ని కాదు, హిమోగ్లోబిన్ ఫలితాన్ని. శిక్షణ ప్రకటనల్లో ఎత్తు, బరువు, చర్మం గురించి కనిపించినంతగా రక్తం గురించి కనిపించకపోవడం గమనింపదగినది.

క్యాబిన్‌లోని గాలి తేమ 10–20 శాతం మాత్రమే. నిద్రవేళలు తారుమారవుతాయి. ఎత్తునుబట్టి, మార్గాన్నిబట్టి విశ్వకిరణాల ప్రభావం పెరుగుతుంది. విమాన సిబ్బందికి ఏడాదికి సుమారు 2 నుండి 5 మిల్లీసీవర్టుల మోతాదు అందుతుందని అంచనా. అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘం 1990లోనే విమాన సిబ్బందికి కలిగే ఈ మోతాదును వృత్తిపరమైనదిగా పరిగణించాలని సూచించింది. జీవగడియారాన్ని భంగపరిచే రాత్రిపనిని క్యాన్సర్ కారకం కావడానికి అవకాశం ఉన్నవాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చేర్చింది. ఇవన్నీ రైల్వే పరిభాషలో బీ వర్గానికి చెందినవి. ఇక్కడ పరీక్ష ఉద్యోగిని కాపాడడానికి.

ఏ వర్గానికి చెందినది మరొకటి ఉంది. విమానరకానికి అనుమతి ఇచ్చేముందు, సగం ద్వారాలు మాత్రమే వాడి 90 సెకన్లలో అందరినీ బయటికి పంపగలమని తయారీసంస్థ నిరూపించాలి. ఆ 90 సెకన్లలో బరువైన తలుపు తెరిచేది, గొంతెత్తి ఆజ్ఞాపించేది, కదలలేనివారిని లాగేది క్యాబిన్ సిబ్బందే. 1993 నవంబరు 15న మద్రాసునుండి హైదరాబాద్‌కు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ విమానం దృశ్యస్పష్టత లేక బేగంపేటలో దిగలేకపోయింది. ఫ్లాపులు చిక్కుకుపోవడంతో ఇంధనం వేగంగా ఖర్చయి, మద్రాసుకు తిరిగి వెళుతూ తిరుపతి సమీపంలోని పొలాల్లో దిగింది. అందులో ఉన్న 262 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. తెలుగు చలనచిత్రరంగ ప్రముఖులు పలువురు వారిలో ఉన్నందున ఆ సంఘటన తెలుగువారి జ్ఞాపకంలో నిలిచిపోయింది. పైలట్ నైపుణ్యం గురించి జరిగినంత చర్చ, బురదపొలంలో ఆగిన విమానంనుండి అంతమందిని దింపిన పని గురించి జరగలేదు. 2024 జనవరి 2న టోక్యో హనేడా విమానాశ్రయంలో మంటల్లో చిక్కుకున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానంనుండి 379 మందీ బయటపడినప్పుడు మాత్రం ప్రపంచమంతా క్యాబిన్ సిబ్బందివైపు చూసింది.

కాబట్టి చూపు, వినికిడి, చేయి అందే ఎత్తు, కండబలం, మూర్ఛ లేదా హఠాత్తుగా స్పృహ తప్పే జబ్బులు లేకపోవడం వంటి ప్రమాణాలను ప్రశ్నించవలసిన అవసరం లేదు. గల్ఫ్ విమానయాన సంస్థలు కొన్ని అభ్యర్థి ఎత్తును కాక, మునివేళ్లపై నిలబడి చేయి చాచితే 212 సెంటీమీటర్ల ఎత్తు అందుతుందా అని చూస్తాయి. ఇది మెరుగైన పద్ధతి. శరీరం ఎలా ఉందని కాక శరీరం ఏమి చేయగలదని అది అడుగుతుంది.

4. బరువు: ఒక లెక్క

వివాదం బరువు దగ్గర మొదలవుతుంది. 2014లో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ క్యాబిన్ సిబ్బందికి శరీర ద్రవ్యరాశి సూచిక పరిమితులను నిర్దేశించింది. కిలోగ్రాముల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేదే ఆ సూచిక. పురుషులకు 18–25 సాధారణం, 30 దాటితే స్థూలకాయం. స్త్రీలకు 18–22 సాధారణం, 27 దాటితే స్థూలకాయం. ఆ తరువాతి సంవత్సరం ఎయిర్ ఇండియా సుమారు 125 మంది సిబ్బందిని విమానవిధులనుండి తప్పించబోతున్నదన్న వార్త విస్తృత చర్చకు దారితీసింది.

ఈ అంకెలను ఒక ఉదాహరణతో చూస్తే విషయం స్పష్టమవుతుంది. 160 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువు ఉన్న ఇద్దరిని తీసుకుందాం. ఒకరు పురుషుడు, మరొకరు స్త్రీ. ఇద్దరి సూచికా 23.4. పురుషుడు సాధారణ బరువు కలవాడు. స్త్రీ అధిక బరువు కలది. ఆ ఎత్తులో పురుషునికి 64 కిలోల దాకా అనుమతి ఉండగా స్త్రీకి 56 కిలోల దగ్గరే హెచ్చరిక మొదలవుతుంది. పురుషుడు సుమారు 77 కిలోల దగ్గర స్థూలకాయుడైతే స్త్రీ 69 కిలోల దగ్గరే స్థూలకాయురాలు.

ఈ తేడాకు వైద్యపరమైన ఆధారం ఏమిటి? ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిక పరిమితులు స్త్రీపురుషులిద్దరికీ ఒకటే. ఆసియా జనాభాలో మధుమేహం, గుండెజబ్బులు తక్కువ బరువు దగ్గరే కనిపిస్తున్నాయన్న కారణంతో 2004లో ఆ సంస్థ నిపుణుల సంఘం 23, 27.5 అనే అదనపు గుర్తులను సూచించింది. అవి కూడా ఇద్దరికీ సమానమే. పైగా ఒకే సూచిక వద్ద స్త్రీ శరీరంలో కొవ్వు నిష్పత్తి సహజంగానే పురుషుని కంటే ఎక్కువగా ఉంటుంది. దానిని రోగంగా ఎవరూ లెక్కించరు. భద్రత దృష్టితో చూసినా, అత్యవసర ద్వారం వెడల్పు ఇద్దరికీ ఒకటే. 23.4 సూచిక ఉన్న పురుషుడు పట్టే ద్వారంలో అదే సూచిక ఉన్న స్త్రీ పట్టకపోవడం ఉండదు. అంటే ఈ తేడా ఏ వర్గానికీ చెందదు, బీ వర్గానికీ చెందదు. మిగిలింది సీ వర్గం, అనగా యాజమాన్యం కోరుకునే రూపం. వైద్యుని సంతకంతో వచ్చినంత మాత్రాన ఒక ప్రమాణం వైద్యప్రమాణం కాదు.

బరువు నియంత్రణ అసలే అక్కరలేదని దీని అర్థం కాదు. ఇరుకైన నడవలో కదలికకు, దీర్ఘకాలిక ఆరోగ్యానికి బరువుతో సంబంధం ఉంది. 2008లో దిల్లీ హైకోర్టు అధిక బరువు ఉన్న ఎయిర్ హోస్టెస్‌లను విమానవిధులనుండి తప్పించడాన్ని సమర్థించింది కూడా. ఇక్కడి ఆక్షేపణ నియంత్రణ ఉండడంపై కాదు, స్త్రీకి ఒక గీత, పురుషునికి మరొక గీత గీయడంపై.

5. న్యాయస్థానాల ముందు శరీరం

ఈ వ్యత్యాసం 2014లో పుట్టినది కాదు. నర్గేష్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు 1981 ఆగస్టు 28న ఇచ్చిన తీర్పుకు ముందు ఎయిర్ ఇండియా నిబంధనలు ఇలా ఉండేవి: ఎయిర్ హోస్టెస్ 35 ఏళ్లు నిండినా, చేరిన నాలుగేళ్లలోపు వివాహం చేసుకున్నా, తొలిసారి గర్భం దాల్చినా, వీటిలో ఏది ముందైతే అప్పుడు పదవీవిరమణ చేయాలి. వైద్యపరంగా యోగ్యురాలని తేలితే మేనేజింగ్ డైరెక్టర్ తన ఇష్టానుసారం ఏడాదికొకసారి చొప్పున 45 ఏళ్ల దాకా పొడిగించవచ్చు. అదే విమానంలో పనిచేసే పురుష సిబ్బంది 58 ఏళ్ల దాకా ఉద్యోగంలో ఉండేవారు.

ఇక్కడ వైద్యయోగ్యత అనే మాట వాడిన తీరు ఆలోచింపజేస్తుంది. యోగ్యత ఉన్నా ఉద్యోగం ఖాయం కాదు. యోగ్యత ఉన్నవారిలో ఎవరిని ఉంచాలో ఒక అధికారి నిర్ణయిస్తాడు. గర్భధారణ నిబంధనను, అదుపులేని ఈ విచక్షణాధికారాన్ని సుప్రీంకోర్టు రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని కొట్టివేసింది. అయితే నాలుగేళ్లలోపు వివాహంపై నిషేధాన్ని మాత్రం సమర్థించింది. మూడవ గర్భధారణతో ఉద్యోగం ముగించే నిబంధన ఉంటే దానిని ఆక్షేపించబోమన్న ధోరణి కూడా ఆ తీర్పులో ఉంది. మహిళల హక్కుల చరిత్రలో మైలురాయిగా పేర్కొనే తీర్పును పూర్తిగా చదివితే కలిగే ఆశ్చర్యం ఇది. 2003లో యశస్వినీ మర్చంట్ కేసులో సుప్రీంకోర్టు స్త్రీలు 50 ఏళ్లకే విమానవిధులనుండి తప్పుకొని, కోరుకుంటే 58 దాకా నేలమీది ఉద్యోగం చేసే ఏర్పాటును సమర్థించింది.

గర్భధారణ విషయంలో వైద్యదృష్టి న్యాయదృష్టితో విభేదించదు. విశ్వకిరణాలు, అలసట, కుదుపుల్లో పడిపోయే ప్రమాదం దృష్ట్యా గర్భిణిని విమానవిధులనుండి తాత్కాలికంగా తప్పించడం సమంజసమే. ఇది తల్లీబిడ్డల క్షేమం కోసం చేసేది. 1981కి ముందు ఇదే కారణాన్ని శాశ్వత తొలగింపుకు వాడుకున్నారు. తాత్కాలికానికి, శాశ్వతానికి మధ్య ఉన్న దూరమే అక్కడ హక్కు.

6. పదం మోసే బరువు

తెలుగు పత్రికలు చాలాకాలం ఎయిర్ హోస్టెస్‌ను గగనసఖి అన్నాయి. వినసొంపైన పదం. కాని సఖి అంటే చెలికత్తె. ప్రయాణికుని సుఖం చూసే మనిషి. మంటల్లో తలుపు తెరిచే మనిషి ఆ పదంలో కనిపించదు. విమాన పరిచారిక అన్నా పరిచర్యే ప్రధానం. ఈ పదాలు పురుష ఉద్యోగిని అసలే లెక్కలోకి తీసుకోవు. ఉద్యోగాన్ని సేవగా, అలంకారంగా పిలిచినంతకాలం స్త్రీ బరువుకు వేరే గీత గీయడం వింతగా తోచదు. నేడు వాడుకలోకి వచ్చిన క్యాబిన్ సిబ్బంది అనే మిశ్రపదం అందం లేనిదైనా ఈ దృష్టితో మేలైనది.

ఇంకొక చిక్కు వైద్యనిర్ణయాన్ని తెలుగులో చెప్పడంలో ఉంది. ఫిట్ అనే మాటకు యోగ్యత అని శాస్త్రగ్రంథాల్లో రాయవచ్చు. దానికి వ్యతిరేకంగా అయోగ్యుడు అంటే వాడుక తెలుగులో అది తిట్టు. అనర్హుడు అంటే తప్పు చేసి అర్హత పోగొట్టుకున్న భావం వస్తుంది. అందుకే ఉద్యోగులు, వైద్యులు అన్‌ఫిట్ అనే ఆంగ్లపదాన్నే వాడుతున్నారు. ఇంటికి వచ్చి తల్లిదండ్రులకు చెప్పేటప్పుడు అదే పదం ‘పనికిరానన్నారు’ అవుతుంది. జలుబు వల్ల పది రోజులు విమానం ఎక్కవద్దన్నా ఆ మాటే, మూర్ఛ వల్ల జీవితాంతం వద్దన్నా ఆ మాటే. తాత్కాలిక విధివిరామం, విధిమార్పు వంటి పదాలను పారిభాషిక పదకోశాలు చేపడితే, కనీసం ఈ రెండు స్థితుల మధ్య తేడా భాషలో నిలుస్తుంది.

భాషకు సంబంధించిన ఈ భయానికి ఆర్థిక కారణం కూడా తోడవుతుంది. క్యాబిన్ సిబ్బంది ఆదాయంలో గణనీయమైన భాగం ఎగిరిన గంటలపై ఆధారపడే భత్యం. విధినుండి తప్పుకుంటే ఆ మేరకు ఆదాయం తగ్గుతుంది. చెవినొప్పిని దాచి విమానం ఎక్కే ఉద్యోగి నిబంధనను ఉల్లంఘిస్తున్న మాట నిజమే. కాని నిజం చెప్పినవారికి నష్టం కలిగించే వ్యవస్థలో ఏ వైద్యపరీక్షా నిజాన్ని పూర్తిగా పట్టుకోలేదు.

7. విధినుండి తప్పించిన తరువాత

పరీక్షలో శాశ్వతంగా విఫలమైనవారి సంగతి ఏమిటి? 1995 నాటి వికలాంగుల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగకాలంలో వైకల్యం పొందినవారిని తొలగించకూడదు. అదే జీతస్థాయిలో మరొక పని చూపాలి. కునాల్ సింగ్ కేసులో 2003లో సుప్రీంకోర్టు దీనిని బలంగా నిలబెట్టింది. 2016 చట్టంలో 20వ సెక్షన్ ఇదే రక్షణను కొనసాగించింది. ఆ చట్టంలో పేర్కొనని లోపాల సంగతి వేరు. తెలంగాణ రోడ్డు రవాణా సంస్థలో డ్రైవరుగా చేరిన తరువాత వర్ణాంధత బయటపడి ఉద్యోగం కోల్పోయిన ఒకరి విషయంలో సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తీర్పునిస్తూ, సంస్థకూ కార్మికసంఘానికీ మధ్య 1979లో కుదిరిన ఒప్పందాన్ని ఆధారంగా చేసుకొని ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని ఆదేశించింది. నలభై ఏళ్ల కిందట కార్మికసంఘం సంతకం చేయించిన ఒక కాగితం ఒక డ్రైవరు కుటుంబాన్ని నిలబెట్టింది.

విమానయానంలో పరిస్థితి అంత అనుకూలంగా లేదు. 2016 చట్టంలోని 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలకు వర్తిస్తుంది. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా టాటా సంస్థకు బదిలీ అయిన తరువాత దేశంలో షెడ్యూలు ప్రకారం నడిచే పెద్ద విమానయాన సంస్థలన్నీ ప్రైవేటు రంగంలోనివే. సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించవలసిన బాధ్యత 21వ సెక్షన్ కింద ప్రతి సంస్థకూ ఉన్నప్పటికీ, వైద్యపరంగా విధినుండి తప్పించిన క్యాబిన్ ఉద్యోగికి నేలమీద పని చూపి తీరాలన్న స్పష్టమైన చట్టబద్ధ హామీ అక్కడ లేదు. 1934 నాటి విమాన చట్టం స్థానంలో 2025 జనవరి 1నుండి అమలులోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ ఈ విషయాన్ని ప్రస్తావించలేదు. లాలాగూడ ఆసుపత్రిలో ఏ-1 పరీక్షలో విఫలమైన లోకో పైలట్‌కు తరువాతి మెట్టు ఏమిటో నియమావళిలో రాసి ఉంది. అదే ఊరినుండి శంషాబాద్‌కు వెళ్లి విమానం ఎక్కే ఉద్యోగికి ఆ మెట్టు, చేరిననాడు సంతకం చేసిన నియామకపత్రంలో ఉంటే ఉన్నట్లు, లేకపోతే లేనట్లు.